పోర్టబుల్ ఏసీ గొట్టం ఎటు పెట్టాలి, గదిలోకి గాలి ఎటునుంచి రావాలి

అమ్మా, మిగతాదంతా తర్వాత చదువుదురు గానీ, ముందు ఒక పని చెయ్యండి. మీ బాత్రూంలో ఉన్న గ్యాస్ గీజర్‌ని ఈ రాత్రికి ఎవరూ వెలిగించకుండా చూడండి. మామగారి స్నానానికి వేడినీళ్లు కావాలంటే వంటింట్లో పొయ్యి మీద కాచి ఇవ్వండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు. స్ప్లిట్ ఏసీకి గోడ తొలవడానికి ఓనరు ఒప్పుకోలేదు. అందుకని ఒకే గొట్టం ఉండే ఒక టన్ను పోర్టబుల్ ఏసీ కొన్నారు. 10 బై 12 పడకగదిలో మామగారూ, ఆరేళ్ల బాబూ పడుకుంటారు. కిటికీకి గ్రిల్లు, దోమల జాలీ ఉన్నాయి కాబట్టి గొట్టం అటు పెట్టడం కుదరక, ఇంకో రెండు మీటర్ల గొట్టం కొని అతికించి, బాత్రూం తలుపు సందులోంచి వెంటిలేటర్ దాకా లాగారు. 18లో పెట్టి మూడు రోజులైనా గది 31 నుంచి దిగడం లేదు. గొట్టం మీద చెయ్యి పెట్టలేకపోతున్నారు. రాత్రయితే గదిలో మురుగు వాసన. మెషిన్ వాపసు ఇచ్చెయ్యమంటారా అని అడిగారు.

ఇప్పుడే ఇవ్వకండి. నేను ఇరవై నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన గుర్తులన్నీ బిగింపులో తప్పునే చూపిస్తున్నాయి. గొట్టం అంత వేడెక్కుతోందంటే కంప్రెసర్ తన పని తాను చేస్తోందన్నమాట. అది తోడిన వేడి మళ్లీ మీ ఇంట్లోకే వస్తోంది.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని ఎత్తి బయట పారబోస్తుంది, అంతే. స్ప్లిట్ ఏసీలో వేడిని పారబోసే పెట్టె గోడ అవతల ఉంటుంది కాబట్టి మనకి ఆ గొడవ తెలియదు. పోర్టబుల్‌లో చల్లటి కాయిలూ, వేడి కాయిలూ, కంప్రెసరూ అన్నీ ఒకే డబ్బాలో, అదీ గది మధ్యలో ఉంటాయి. వేడి కాయిల్‌ని చల్లార్చడానికి గదిలో గాలినే పీల్చి, దాని మీదుగా ఊది, గొట్టంలోంచి బయటికి తోస్తుంది. ఆ గొట్టం సరిగ్గా బయటికి తెరుచుకోకపోతే, బావిలో తోడిన నీళ్లు మళ్లీ బావిలోనే పోసినట్టు అవుతుంది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియనిది దీని రెండో సగం, మీ సమస్యంతా ఉన్నది అందులోనే. గొట్టంలోంచి బయటికి పోయే గాలి ఎంత? మోడల్ని బట్టి మారుతుంది గానీ, నిమిషానికి 200 ఘనపుటడుగులు అనుకుందాం. మీ గది ఎత్తు 10 అడుగులైతే లోపల ఉండేది 1,200 ఘనపుటడుగుల గాలి. అంటే ఆరు నిమిషాలకోసారి గదిలో ఉన్నంత గాలిని మెషిన్ బయటికి పంపేస్తోంది. అంత గాలి పోయినా గది ఖాళీ అవ్వదు కదా. పోయినంత గాలీ ఎక్కణ్ణుంచో లోపలికి రావాల్సిందే. కిటికీ సందులోంచి, తలుపు కిందనుంచి, బాత్రూంలోంచి, స్విచ్ బోర్డు వెనక పైపులోంచి, ఎక్కడ దారి దొరికితే అక్కణ్ణుంచి వస్తుంది.

ఆ వచ్చే గాలి మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఉందనుకోండి. దాన్ని 27కి దించడానికే దాదాపు 1.7 కిలోవాట్ల చల్లదనం ఖర్చవుతుంది. టన్ను ఏసీ అంటే మొత్తం 3.5 కిలోవాట్లు. (టన్ను అంటే మెషిన్ బరువు కాదు. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత అని పాతకాలం లెక్క.) అంటే మెషిన్ సత్తువలో సగం, అది పీల్చుకున్న బయటి గాలిని చల్లార్చడానికే సరి. అదే గాలి హాల్లోంచి 34 డిగ్రీల్లో వస్తే ఖర్చు 0.8 కిలోవాట్లకి పడిపోతుంది. మెషిన్ అదే, గది అదే, గాలి వచ్చే దారి మారిందంతే. కాబట్టి గొట్టం ఎటు పెట్టాలన్నది ఎంత ముఖ్యమో, లోపలికి గాలి ఎటునుంచి రానివ్వాలన్నది కూడా అంతే ముఖ్యం. ఆ దారి మీరు ఏర్పాటు చెయ్యకపోతే, గాలి తనకి తోచిన దారిన వస్తుంది. మీ ఇంట్లో అది బాత్రూంని ఎంచుకుంది.

మురుగు వాసన అక్కడిదే. బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింద నాని ట్రాప్ ఉంటుంది. దాంట్లో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి, డ్రైనేజీ గాలిని పైకి రాకుండా అడ్డుకుంటాయి. ఎండాకాలంలో అటువైపు నీళ్లు పడకపోతే అది ఎండిపోతుంది. గదిలోంచి మెషిన్ గాలి లాగుతూ ఉంటే, ఎండిపోయిన ట్రాప్‌లోంచి మురుగు గాలి తేలిగ్గా పైకి వస్తుంది. రోజూ పడుకోబోయే ముందు ఆ జాలీలో ఒక చెంబు నీళ్లు పొయ్యండి. వాష్‌బేసిన్ వాడకుండా ఉంటే దాంట్లో కూడా పొయ్యండి.

ఇక వెంటిలేటర్ సంగతి. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూం వెంటిలేటర్ ఎక్కువగా డక్ట్‌లోకి తెరుచుకుంటుంది, ఆకాశంలోకి కాదు. నాలుగు గోడల మధ్య ఇరుకు చోటు అది. మీరు పంపిన వేడి గాలి అక్కడే సుడులు తిరిగి కొంత మీ బాత్రూంలోకే వెనక్కి వస్తుంది, కొంత పై అంతస్తుల వాళ్ల బాత్రూంల్లోకి పోతుంది. పైగా గొట్టం పట్టడానికి తలుపు ఓరగా తెరిచి ఉంచారు. మెషిన్ పీల్చే గాలి ఆ సందులోంచే వస్తోంది. అంటే వేడిగాలి చక్రంలా తిరుగుతోంది. గది 31 దగ్గర ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

గీజర్ సంగతి ఇప్పుడు. గ్యాస్ గీజర్ మండడానికి బాత్రూంలో గాలినే వాడుకుంటుంది. మండాక వచ్చే పొగ వెంటిలేటర్‌లోంచి బయటికి పోవాలి. మీ ఇంట్లో ఆ వెంటిలేటర్‌ని గొట్టం మూసేసింది. దానికి తోడు, మెషిన్ బాత్రూంలో గాలిని పడకగదిలోకి లాగుతోంది. గాలి చాలక గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ప్రాణం తీసే విషవాయువు, దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాళ్లకి కనిపించే గుర్తులు: తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, నీరసం. ఎండాకాలంలో ఈ గుర్తులు చూసి ఎవరైనా వడదెబ్బ అనే అనుకుంటారు, మనిషిని అదే గదిలో పడుకోబెట్టి తలుపులు మూసేస్తారు. కొన్నేళ్ల కిందట ఒక ఇంటికి సర్వీసుకి వెళ్లినప్పుడు, స్నానం చేసి వచ్చిన అమ్మాయి నా కళ్లముందే మంచం అంచున కూలబడింది. ఏసీ నడుస్తోంది, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, గీజర్ ఇంకా మండుతోంది. గ్యాస్ కట్టేసి తలుపులన్నీ తెరిచి, ఆ పిల్లని బాల్కనీలోకి తీసుకెళ్లి, అట్నుంచటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికి బయటపడింది. అప్పట్నుంచీ ఏ ఇంట్లో పోర్టబుల్ బిగించినా ముందు బాత్రూం తలుపు తీసి గీజర్ ఏదని చూస్తాను. కరెంటు గీజర్ అయితే ఈ భయం లేదు. గ్యాస్‌ది అయితే ఏసీ నడుస్తున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. వాడాల్సి వస్తే ఏసీ ఆపి, గది కిటికీ బార్లా తెరిచి, వెంటిలేటర్‌కి అడ్డు లేకుండా చూసుకుని, బకెట్ నింపుకోగానే కట్టేసి, ఆ తర్వాతే లోపలికి వెళ్లి స్నానం చెయ్యాలి.

సరే, ఇప్పుడు బిగింపు.

ముందు ఆ అతికించిన రెండు మీటర్ల గొట్టం తీసెయ్యండి. మెషిన్‌తో వచ్చిన గొట్టం పొడుగు ఎంతో, లోపలి ఫ్యాను దానికి సరిపోయేటట్టే ఉంటుంది. పొడుగు పెరిగినా, వంపులు పెరిగినా గాలి లోపలే తన్నుకుంటుంది, కాయిల్ వేడెక్కుతుంది, కాసేపటికి కంప్రెసర్ తనంతట తాను ఆగిపోతుంది. ఇంకో సంగతి, గొట్టమే ఒక హీటర్ లాంటిది. అయిదారు అంగుళాల లావు, మీటరున్నర పొడుగున్న పల్చటి ప్లాస్టిక్ గొట్టం 50 డిగ్రీల దాకా కాగితే, గదిలోకి 150 వాట్ల దాకా వేడి వదులుతుందని నా లెక్క. మీది మూడున్నర మీటర్లు అయ్యింది. కంపెనీ గొట్టాన్ని కూడా పూర్తిగా సాగదియ్యకండి, మడతలు దగ్గరికి నొక్కి వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉంచండి. మెషిన్ నుంచి కిటికీ దాకా మెల్లగా పైకి ఎక్కుతూ పోవాలి. మధ్యలో జారి ఊయలలా వేలాడితే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. డక్ట్ ఏసీ పనివాళ్ల దగ్గర దొరికే అల్యూమినియం పూత ఉన్న ఫోమ్ షీటు ఒక పొర చుట్టి టేపు వేస్తే గదిలోకి వచ్చే గొట్టం వేడి చాలా తగ్గుతుంది. దుప్పట్లూ తువ్వాళ్లూ మాత్రం చుట్టొద్దు.

ఇప్పుడు కిటికీ. కుదరదని వదిలేశారు గానీ కుదురుతుంది. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ పట్టీ మన కిటికీల కొలతలకి చేసినది కాదు. మన స్లైడింగ్ కిటికీలు నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉంటాయి. ఆ పట్టీ పూర్తిగా లాగినా పైన జానెడు ఖాళీ మిగిలిపోవచ్చు. దాన్ని పాత చీరతోనో థర్మోకోల్ ముక్కతోనో కుక్కేస్తారు. గాలి వీస్తే అది కాస్తా ఊడి కింద పడుతుంది.

దానికంటే ఇలా చెయ్యండి. కిటికీ అద్దాన్ని తొమ్మిది, పది అంగుళాల మేర పక్కకి జరపండి. తెరుచుకున్న ఆ నిలువు ఖాళీని టేపుతో మూడు చోట్ల, పైనా మధ్యలో కిందా, కొలవండి. మూడూ ఒకేలా ఉంటాయని అనుకోవద్దు, పాత ఫ్రేముల్లో అర అంగుళం తేడా వస్తుంది. ఆ కొలతకి ఒక ఏసీపీ షీటు ముక్క కోయించండి. షాపుల ముందు బోర్డులకి వాడే అల్యూమినియం పొరల షీటే అది. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగులు ముక్కలు పడి ఉంటాయి. వాళ్లే గొట్టం మూతి కొలతకి రంధ్రం కోసి, అంచుకి మీ ట్రాక్‌లో పట్టే రబ్బరు బీడింగ్ వేసి ఇస్తారు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయినా ఫర్వాలేదు, బయటివైపు పెయింటు వెయ్యాలి. ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డు కట్టర్‌తో ఇంట్లోనే కోసుకోవచ్చు గానీ, వేడికి మెత్తబడుతుంది. అది వాడితే మూతి చుట్టూ నాలుగు అంగుళాల ప్లైవుడ్ చట్రం పెట్టి తీరాలి.

రంధ్రం కిందివైపు, కిటికీ గట్టుకి నాలుగైదు అంగుళాల పైన ఉండాలి, గొట్టం పొట్టిగా ఉండడానికి. గొట్టం చివర గుండ్రటి మూతి, బల్లపరుపు మూతి రెండూ పెట్టెలో ఉంటే, గ్రిల్లు ఉన్న కిటికీకి బల్లపరుపుది వాడండి. మూతి గ్రిల్లు చువ్వల్లోంచి బయటికి దూరాల్సిన పని లేదు. చువ్వలకి అంగుళం దూరంలో ఆగినా గాలి వాటి మధ్యలోంచి వెళ్లిపోతుంది. జాలీ అలా కాదు. దోమల జాలీ గాలిని అడ్డుకుంటుంది, పైగా దాని కళ్లల్లో దుమ్ము పేరుకుని నాలుగు రోజుల్లో పూడిపోతుంది. మీ జాలీ పలక వేరే ట్రాక్‌లో కదులుతుంటే దాన్ని రెండోవైపుకి జరిపెయ్యండి. దోమలకి మీరు బిగించే షీటే అడ్డం. గ్రిల్లుకి వానకని కట్టిన ప్లాస్టిక్ కాగితం, పూలకుండీలు, ఆరేసిన బట్టలు మూతి ముందు రెండడుగుల దాకా లేకుండా చూడండి.

అద్దం పలకకీ షీటుకీ మధ్య, అలాగే జరిపిన అద్దానికీ వెనక అద్దానికీ మధ్య నిలువునా ఒక సందు ఉంటుంది. దీన్ని అందరూ మర్చిపోతారు. రెండు అద్దాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట, మధ్యలో వేలు దూరేంత ఖాళీ పైనుంచి కిందిదాకా ఉంటుంది. దాంట్లో ఫోమ్ పట్టీ దూర్చండి. నేను చూసిన ఇళ్లల్లో సగానికి సగం వేడిగాలి ఆ సందులోంచే వచ్చేది.

మీ ఊళ్లో ఎవరికైనా పాత ఇంటి చెక్క రెక్కల కిటికీ ఉంటే వాళ్లకి షీటు కుదరదు. ఒక రెక్కలో అద్దం తీయించి ఆ చట్రంలో రంధ్రం ఉన్న ప్లైవుడ్ వేయించాలి, తీసిన అద్దాన్ని జాగ్రత్తగా దాచాలి. యూరప్‌లో ఉన్న మనవాళ్లు తలుపుల్లా తెరుచుకునే కిటికీలకి జిప్పు ఉన్న గుడ్డ అతికిస్తారు. అది ఇక్కడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ, కిటికీ బయటికి తెరుచుకుని లోపల గ్రిల్లు ఉన్న మన కిటికీలకి అంటించడం కష్టం.

బిగించాక పరీక్ష. ఏసీ నడుస్తుండగా, ఫ్యాన్ ఆపి, ఒక అగరుబత్తి వెలిగించి షీటు అంచుల వెంబడి మెల్లగా తిప్పండి. పొగ నిలువుగా లేస్తే ఫర్వాలేదు. ఎక్కడ లోపలివైపు చటుక్కున వంగి తోకలా సాగుతుందో అక్కడ సందు ఉన్నట్టు. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని ఫోమ్ అంటించండి. అయితే అగరుబత్తి వెలిగించే ముందే, మెషిన్ వెనక రేకు మీద దాంట్లో నింపిన గ్యాస్ పేరు చూడండి. ఆర్-32 అనో ఆర్-410ఏ అనో ఆర్-290 అనో ఉంటుంది. ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంటగ్యాసు కుటుంబమే, మంటకి అంటుకుంటుంది. ఆర్-32కి కూడా కొంత ఆ గుణం ఉంది. ఈ రెండిట్లో ఏది ఉన్నా అగరుబత్తి వద్దు. వత్తులు చేసే దూదిలోంచి సన్నటి పోగు ఒకటి లాగి, రెండు వేళ్లతో పట్టుకుని అంచుల దగ్గర వేలాడదీయండి, అదీ అంతే బాగా చెప్తుంది. ఆ గదిలో దేవుడి మందిరం ఉంటే దీపాన్ని హాల్లోకి మార్చండి.

ఇప్పుడు గాలి వచ్చే దారి. కిటికీ అంతా బిగించాం, బాత్రూం తలుపు మూసేస్తాం, దాని కింద సందుకి రబ్బరు పట్టీ వేస్తాం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం ఉంటే రెక్కలు మూస్తాం. చాలామంది ఇక్కడితో ఆగక, గది తలుపు కింద కూడా చీర మడతపెట్టి తోస్తారు. అది తప్పు. అన్నీ మూస్తే మెషిన్ గాలికి ఊపిరాడనట్టు లాగుతుంది, మళ్లీ నాని ట్రాప్ మీదే పడుతుంది. గది తలుపు కింద ఉన్న సందు అలాగే ఉండనివ్వండి, అర అంగుళం కంటే తక్కువుంటే తలుపు ఒక వేలెడు ఓరగా ఉంచండి. హాల్లో నీడపట్టున ఉన్న కిటికీ, ఉత్తరం వైపుదైతే మంచిది, రెండంగుళాలు తెరవండి. వంటింటి కిటికీ వద్దు, పొయ్యి వెలుగుతుంటే ఆ వేడీ పోపు ఘాటూ అన్నీ పడకగదికే వస్తాయి. ఇలా చేస్తే బయటి గాలి ముందు హాల్లోకి వచ్చి, అక్కడి నీడలో కాస్త చల్లబడి, తలుపు కిందనుంచి గదిలోకి వస్తుంది. మీరు గట్టిగా బిగించాల్సింది ఎండ వైపు, వదలాల్సింది నీడ వైపు.

కరెంటు గురించి రెండే మాటలు, కానీ ఖచ్చితంగా పాటించాల్సినవి. టన్ను పోర్టబుల్ 1,200 నుంచి 1,400 వాట్లు తీసుకుంటుంది, అంటే ఆరు యాంప్స్ దాకా, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. మంచం పక్కన సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్‌లో పెట్టకూడదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు. ఏసీ కోసమో గీజర్ కోసమో వేసిన పవర్ పాయింట్ కావాలి, దానికి ఎర్తింగూ, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్) ఉండాలి. అరగంట నడిచాక ప్లగ్గు మీద వేళ్లు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు ఉంచలేనంత కాలుతుంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి. పిన్ను మొదట్లో గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఆ సాకెట్ మార్చాల్సిందే. కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి వెయ్యండి.

నీళ్ల విషయంలో మీకు హైదరాబాద్ ఎండాకాలంలో ఇబ్బంది రాదు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, పట్టిన కాస్త నీటినీ చాలా మోడళ్లు వేడి కాయిల్ మీద చల్లి ఆవిరిగా బయటికి పంపేస్తాయి. వానలు మొదలయ్యాక అడుగు ట్యాంకు నిండి మెషిన్ ఆగుతుంది. విశాఖపట్నం, కాకినాడ వైపు వాళ్లకి మే నెలలోనే ఇది మొదలవుతుంది, కొన్ని గంటలకోసారి. అప్పుడు కింద ఉన్న మూత తీసి సన్న పైపు తగిలించి వెడల్పాటి తట్టలోకి వదలాలి. పైపు ఎక్కడా పైకి లేవకూడదు. ఆ నీళ్లు మొక్కలకి పొయ్యండి, ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పొయ్యకండి. చూడ్డానికి డిస్టిల్డ్ వాటర్‌లా ఉంటాయి గానీ కాయిల్ మీది దుమ్మూ లోహమూ కలిసి ఉంటాయి.

18లో పెట్టినందువల్ల గది తొందరగా చల్లబడదు. ఇన్వర్టర్ రకం కాని మెషిన్లలో కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది, 18 అన్నా 26 అన్నా ఒకటే బలం. 18 అంటే ఎప్పటికీ ఆగదు, అంతే తేడా. 26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ రెండు మీద తిప్పండి. మధ్యాహ్నం మూడింటికి గోడలు కాగాక వేసేకంటే పదకొండింటికే వెయ్యండి. కిటికీ పడమర వైపు అయితే గ్రిల్లుకి అవతల, మూతికి ఎదురు రాకుండా, ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టండి. లోపల కట్టిన తెరకంటే బయట కట్టిన నీడ ఎక్కువ పని చేస్తుంది, అద్దం దాకా ఎండ రాదు కాబట్టి. అలాగని వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లొద్దు, పక్కన కూలర్ పెట్టొద్దు. ఆ తేమనంతా పిండడానికి ఏసీ మళ్లీ కష్టపడాలి.

ఎంత ఆశించవచ్చో కూడా చెప్తాను. బయట 42 ఉన్నప్పుడు మీ గది మధ్యాహ్నం 27, 28 దాకా, రాత్రి 25 దాకా దిగితే అది మంచి ఫలితం. అదే టన్ను స్ప్లిట్‌తో సమానంగా ఉండదు. డబ్బా మీద టన్ను అని రాసిన లెక్కలో, లోపలికి వచ్చే వేడిగాలి నష్టం కలపరు. అమెరికాలో ఇంధన శాఖ 2016లో ఆ నష్టాన్ని కూడా కలిపి కొలిచే పద్ధతి తెచ్చింది. అందుకే అక్కడి పెట్టెల మీద 14,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి అక్కడి కొలత) అన్న పక్కనే 10,000 అనో ఇంకా తక్కువో రెండో అంకె కనిపిస్తుంది. అక్కడ మీవాళ్లు ఎవరైనా కొంటుంటే ఆ చిన్న అంకె చూసి కొనమనండి, వీలైతే రెండు గొట్టాలది తీసుకోమనండి. రెండో గొట్టం వేడి కాయిల్‌కి కావలసిన గాలిని బయటినుంచే తెచ్చుకుంటుంది కాబట్టి గదిలో గాలి జోలికి దాదాపుగా రాదు.

వెనక జాలీ ఫిల్టర్ వారానికోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. మెషిన్ వెనక గోడకి అడుగున్నర దూరం ఉండాలి, కర్టెన్ ఆనకూడదు. ఇల్లు మారేటప్పుడు ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లొద్దు. తప్పక పడుకోబెడితే దించాక 24 గంటలు నిలబెట్టి, కంప్రెసర్‌లోని ఆయిల్ కిందికి దిగాకే స్విచ్ వెయ్యండి.

ఇదంతా చేశాక మెషిన్ మంచిదో కాదో తేల్చే పరీక్ష ఒకటి ఉంది. మందుల షాపులో జ్వరం చూసేది కాదు, గది వేడి చూపే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. ఏసీ ఇరవై నిమిషాలు నడిచాక, చల్లటి గాలి వచ్చే జాలీ దగ్గర రెండు నిమిషాలు పట్టుకుని అంకె రాసుకోండి. తర్వాత వెనక, గాలి పీల్చే చోట అలాగే. రెండిటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే మెషిన్ బాగుంది, ఎక్కడో సందు మిగిలింది, మళ్లీ దూది పోగు పట్టుకుని తిరగండి. ఫిల్టర్ కడిగాక కూడా తేడా 4 దాటకపోతే గ్యాసో కంప్రెసరో లోపం, అప్పుడు వాపసు ఇవ్వండి, ఆ రెండు అంకెలూ వాళ్లకి చూపించండి. ఆ అంకెలతో పాటు మీ కిటికీ ఖాళీ ఎత్తు, గ్రిల్లు చువ్వల మధ్య దూరం నాకు రాసి పంపితే షీటులో రంధ్రం ఎక్కడ కోయాలో గీసి పంపుతాను.